నీకైతే సెప్తాడు

ఎంక్వైరీ కిటికీ కనబడితే ఇప్పటికీ నాకు తలదించుకోబుద్ధవుతుంది.

ఆరోజు చిత్తూరు బస్టాండులో, ఆ కిటికీ ముందు వరుసలో నిలబడి నిలబడి నా ఓపిక నశించింది. లోపలి మనిషి ఫోను చూసుకుంటూ నవ్వుకుంటున్నాడు. నా ముందు, సంకలో మూటతో ఒక పెద్దామె. ఐరాల బస్సు యాడ నిలుస్తాదని రెండోసారి అడిగింది.

"బోర్డుండాది గదా, సూసుకోపో," అన్నాడు తలెత్తకుండానే.

ఆమె బోర్డు వైపు చూడనేలేదు. పక్కకు జరిగి నన్ను ముందుకు రమ్మంది.

"నువ్వడుగుమ్మా. నీకైతే సెప్తాడు. నేనడగతా ఉండంగానే ఒక బస్సు ఎల్లిపాయ."

అడిగాను. అతను ఫోను పక్కన పెట్టి, లేచి నిలబడి మరీ చెయ్యి చూపించాడు.

"ఐరాలకా మేడమ్? అద్దో, ఆ చివర. ఇంగా టైముండాది, నిదానంగా పోండి."

"సూస్తివా, సెప్పినాడు!" అని ఆమె నా చెయ్యి నొక్కి, మూట ఎగదోసుకుని గబగబా వెళ్లిపోయింది. ఆమె ముఖంలో కోపం కోసం వెతికాను. లేదు. పని జరిగిన సంతోషమే ఉంది.

అతన్ని కడిగెయ్యాలని అంతసేపూ మాటలు కూర్చుకున్నాను. తీరా నా నోట వచ్చింది, "చాలా థాంక్సండీ."