ఏటూరునాగారం బడికి తీసుకెళ్లిన తెల్ల పగడం

దసరా సెలవుల్లో మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చి నాలుగు రోజులు ఉంది. దానికి పదమూడేళ్లు. నేను హనుమకొండలో ముప్పై ఒక్క ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్ని. ఉద్యోగం పోయినా చెప్పే అలవాటు పోలేదు. ఒక సాయంత్రం షోకేసులోంచి తెల్ల పగడం తీసి, పగడపు దిబ్బలు ఎలా పుడతాయో, ఇప్పుడు ఎందుకు చచ్చిపోతున్నాయో చెప్పడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు విని, "అమ్మమ్మా, ఇదంతా యూట్యూబ్‌లో కదిలేటట్టు చూపిస్తారు" అని ఫోను నా ముందు పెట్టింది. నిజమే, చాలా బాగా చూపించారు. వీడియో అయిపోయాక మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు.

అది వెళ్లిపోయిన వారానికి నస్రీన్ ఫోన్ చేసింది. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు ఏటూరునాగారం దగ్గర ఆడపిల్లల హాస్టల్ బడిలో సైన్సు టీచరు. "మేడమ్, మా పిల్లలు గోదారి తప్ప పెద్ద నీళ్లు చూడలే. మీరొచ్చి ఒక్క పూట సముద్రం గురించి చెప్పుండ్రి" అంది. కాస్త ఆగి, "మీ తెల్ల పువ్వు ఇంక ఉన్నదా మేడమ్?" అని అడిగింది. ఉంది. ఆ పగడాన్ని రోజూ తుడుస్తాను.

దాని సంగతి ఇక్కడే చెప్పాలి. మా ఆయన కాజీపేటలో రైల్వే ఉద్యోగి. ఒకసారి పాసు మీద వేళాంకణి మాతను చూసుకుని, అక్కణ్ణుంచి రామేశ్వరం దాకా వెళ్లాం. ఒడ్డున ఒక దుకాణంలో శంఖాల మధ్య ఇది కనిపించింది. అరచేతి కన్నా కొంచెం పెద్దది, కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఆయన దాన్ని తన చొక్కాలో చుట్టి, రైల్లో దారి పొడవునా ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. ఆయన పోయి మూడేళ్లయింది. ఫొటోలో ఆయన బిగుసుకుని ఉంటారు. ఈ పగడాన్ని చూస్తే మాత్రం చొక్కా లేకుండా బనీనుతోనే కూర్చుని, ఎదుటి బెర్తు వాళ్లను "జర కాళ్లు తగలనీయకుండ్రి" అని బతిమాలుతున్న మనిషి కనిపిస్తారు.

శుక్రవారం పొద్దున ఆరుంపావుకు ఇల్లు కదిలాను. బస్టాండు దాకా ఆటోకు అరవై రూపాయలు. ఆరూ నలభైకి ఏటూరునాగారం ఎక్స్‌ప్రెస్ దొరికింది. మన రాష్ట్రపు ఆధార్ కార్డు ఉంటే ఆడవాళ్లకు ఛార్జీ లేని జీరో టికెట్టే, కానీ కార్డు చేతిలో ఉండాలి. పగడాన్ని దూది పరిచిన అట్టపెట్టెలో పెట్టి, కిటికీ పక్కన నేను కూర్చుని, పెట్టెను పక్క సీట్లో ఉంచాను.

"పెద్దమ్మా, ఈ డబ్బకు సుత జీరో టికెట్ కొట్టాల్నా?" అన్నాడు కండక్టరు.

"ఎవరైనా ఎక్కితే ఒళ్లో పెట్టుకుంటాను నాయనా. పగిలే వస్తువు."

"ఏమున్నది అండ్ల?"

"పగడం."

అతని గొంతు తగ్గిపోయింది. "గట్ల గట్టిగ చెప్పకు పెద్దమ్మా! బంగారం దుకాణపోళ్లు సుత గింత పెద్ద డబ్బల తీస్కపోరు. ఒక్కదానివే పోతానవా? జర పైలం."

ఉంగరంలో పొదిగే పగడం కాదని చెబుదామనుకున్నాను. కానీ పొద్దుట నుంచి నన్ను జాగ్రత్తగా వెళ్లమన్న మనిషి అతనొక్కడే. అందుకని ఊరుకున్నాను.

ములుగులో బస్సు పది నిమిషాలు ఆగుతుంది; టీ పది రూపాయలు, చక్కెర తక్కువ వేయమని ముందే చెప్పాలి. పస్రా దాటాక అడవి మొదలవుతుంది, తాడ్వాయి దాకా రెండు పక్కలా చెట్లే. ఆ దారిలో కిటికీ సీటు వదులుకోకండి. తొమ్మిదిన్నరకు ఏటూరునాగారంలో దిగాను. అక్కడి నుంచి బడికి షేర్ ఆటో ఇరవై రూపాయలు. గేటు దగ్గర నస్రీన్ నిలబడి ఉంది. నన్ను చూడగానే పాత భయంతో కొంగు సర్దుకుంది.

పదిన్నరకు క్లాసు. ఆరు, ఏడు తరగతులు కలిపి నలభై ఇద్దరు. నడుం నిటారుగా పెట్టి కూర్చోమన్నాను, కూర్చున్నారు. పగడం మొక్క కాదు, రాయి కాదు. ఆవగింజంత, శనగగింజంత జీవులు లక్షలుగా చేరి, ఒంట్లోంచి సున్నం దించి కట్టుకున్న ఇల్లు అని చెప్పాను. ముందు వరుసలో ఒక అమ్మాయి లేచింది. పేరు సారక్క, ఏడో తరగతి.

"చెదలపుట్ట లెక్క గద మేడమ్? చెద గింతే ఉంటది, పుట్ట మాత్రం మా నాయనంత ఎత్తు."

అన్నేళ్ల ఉద్యోగంలో ఈ పోలిక నాకు తట్టలేదు. "బాగా చెప్పావు. ఇక నుంచి చెయ్యెత్తి చెప్పు" అన్నాను.

ఆ జీవుల ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న పాచి ఉంటుందనీ, దానికి ఎండ తగిలితే ఇద్దరికీ తిండి తయారవుతుందనీ, సముద్రం మరీ వేడెక్కితే ఆ పాచి బయటికి పోతుందనీ, అప్పుడు పగడం తెల్లబడి ఆకలితో మాడుతుందనీ చెప్పాను.

"మా ముత్తమ్మ ఊరికి పోయిన్నాడు మేం తెల్లబడ్డట్టు!" అంది వెనక నుంచి ఒక పిల్ల. ముత్తమ్మ అంటే అక్కడ వంట చేసే ఆవిడ. అప్పటికే చేతిలో గరిటెతో గుమ్మం దగ్గర నిలబడి పాఠం వింటోంది.

"నేనేడికి పోత బిడ్డా? పోదామన్న మీరు పోనిస్తలేరు గద!"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎన్ని నెలలకో.

తర్వాత బోర్డు మీద పగడపు దిబ్బలకు వచ్చే అయిదు ముప్పులు రాశాను. ఒకటి, వేడెక్కుతున్న నీళ్లు. రెండు, ప్లాస్టిక్. మూడు, ఒడ్డు నుంచి కొట్టుకొచ్చే బురద, మురికి. నాలుగు, సముద్రం అడుగును గోకే వలలు. అయిదు, అమ్ముకోవడానికి విరవడం. చచ్చిన పగడం కూడా పనికిరానిది కాదనీ, దాని సందుల్లో చేపలు దాక్కుంటాయనీ, దాని మీదే కొత్త పగడం నాటుకుంటుందనీ చెప్పాను. అప్పుడు పెట్టె తెరిచాను. గోళ్లు చూసి, రెండు చేతులూ చాపమని, ఒక్కొక్కరికీ అందించాను. సారక్క మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఎందుకు ముట్టుకోవు?"

"వద్దు మేడమ్."

"కారణం చెప్పు."

తల వంచుకునే చెప్పింది. "మా నాయనకు అడవిల దుప్పి కొమ్ము దొరికింది. చంపలే మేడమ్, రాలిపడ్డదే. మంచిగున్నదని ఇంట్ల పెట్టుకున్నడు. గార్డు సారు వచ్చి, రాలింది సుత అడవిదే, ఇంట్ల ఉండద్దని తీస్కపోయిండు. మా నాయన ఏమనలే, నిజమే గదా అన్నడు." తలెత్తింది. "దీన్ని ఎవలు ఇరిచిన్రు మేడమ్? మీ ఇంటికి ఎవలు రాలేదా?"

నస్రీన్ "సారక్కా!" అని గద్దించబోయింది. నేను ఆపాను. చచ్చిన పగడమే కదా అనబోయాను; అది కూడా ఒక ఇల్లేనని ఇప్పుడే చెప్పాను. మా ఆయన తెచ్చారనబోయాను. అది పూర్తి నిజం కాదు. ఆ దుకాణంలో ఆయన "ఎందుకే, దుమ్ము పడ్తది" అన్నారు. వేలు పెట్టి చూపించి, అదే కావాలన్నది నేను. బోర్డు మీది అయిదో ముప్పును ఏటా నా చేత్తోనే రాశాను, రాసిన చేత్తోనే దీన్ని చూపించాను. రెండింటినీ ఒక్కసారి కూడా కలిపి చూసుకోలేదు. హనుమకొండ పిల్లలెవరూ నన్నడగలేదు. నేను అడగనిచ్చేదాన్ని కాదేమో.

"నా కోసమే విరిచారు. నేనే అడిగాను" అన్నాను. చాక్‌పీస్ తీసుకుని అయిదో వాక్యం పక్కన 'కొనేవాళ్లు' అని రాశాను. బోర్డు మీద ఏది ఉంటే అది రాసుకునే పిల్లలు. నలభై రెండు నోటుపుస్తకాల్లోకీ అది ఎక్కింది.

"మల్ల సముద్రంల పెట్టొస్తే బతుకుతదా మేడమ్?" అంది సారక్క.

"బతకదు."

ఒంటిగంటకు అన్నం, పప్పు, గుడ్డు. ముత్తమ్మ రెండోసారి వడ్డిస్తూ, "తినుండ్రమ్మా, మొఖం తెల్లబడ్డది" అంది. తినలేకపోయాను. పళ్లెం కడిగి, నస్రీన్‌ను అటవీశాఖ ఆఫీసు ఎక్కడో చూపించమన్నాను.

"పిల్ల ఏదో అన్నదని గట్ల చేస్తరా మేడమ్? సార్ గుర్తు అది..."

"తప్పు తెలిశాక దిద్దుకోకపోతే నీకు ఎన్ని మార్కులు వేసేదాన్నే?"

ఆ మాటకు నస్రీన్ కళ్లు తుడుచుకుంది. బయల్దేరేటప్పుడు సారక్క గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. కోపమొచ్చిందా అని అడిగింది. లేదన్నాను. దీన్ని ఇచ్చేయడానికే వెళ్తున్నానని చెప్పి పెట్టె మూత తీశాను. ఒక్క వేలితో మెల్లగా తాకింది.

"గరుకుగ ఉన్నది" అంది. "అచ్చం పుట్ట లెక్కనే."

ఆఫీసులో ఉన్న కుర్ర అధికారి పెట్టెలోకి తొంగిచూసి, "ఇది మా అడవిదైతే కాదు మేడమ్" అని నవ్వాడు. తర్వాత పైవాళ్లకు ఫోన్ చేసి కనుక్కుని, పగడం కూడా వన్యప్రాణుల చట్టం కిందికే వస్తుందట, తీసుకుంటామన్నాడు. ఎక్కడిదో, ఎలా వచ్చిందో రాసివ్వమన్నాడు. ఊరి పేరు, దుకాణం సంగతి రాశాను. డబ్బు ఇచ్చింది మా ఆయన. ఆ సంగతి రాయకపోతే అబద్ధం, రాస్తే నేరం ఆయన మీదికి పోతుంది. చివరికి 'నా భర్త వద్దన్నా, నా కోరిక మీద కొన్నది' అని రాసి సంతకం చేశాను. అక్షరం అక్షరం నిజం.

"ఎన్కటి వస్తువు గదా మేడమ్, ఇంట్ల పెట్టుకుంటే ఎవలడుగుతరు?" అన్నాడతను.

"అడిగారు" అన్నాను.

నాలుగు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. అలవాటు కొద్దీ అట్టపెట్టెను మళ్లీ పక్క సీట్లోనే పెట్టాను. తాడ్వాయిలో చంకలో బిడ్డతో ఒకామె ఎక్కి, "ఇక్కడ ఎవలన్న ఉన్నరా అమ్మా?" అని అడిగింది. పెట్టె ఒళ్లోకి తీసుకున్నాను. దూది తప్ప ఏమీ లేదు కాబట్టి బరువే లేదు. "ఎవరూ లేరు, కూర్చో" అన్నాను.

ఏడుంపావుకు ఇంటి తాళం తీశాను. ఆ రోజు ఏం జరిగిందని అడిగేవాళ్లు లేరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. షోకేసులో ఆ చోటు ఖాళీగానే ఉంది, పొద్దున్నే అలవాటుగా గుడ్డ అక్కడిదాకా వెళ్లి ఆగుతోంది. ఇచ్చినందుకు మనసు తేలికపడిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆయనది మళ్లీ ఏదో నా దగ్గర నుంచి పోయినట్టే ఉంది. కానీ ఒక్క సంగతి కొత్తగా గుర్తొచ్చింది: "ఎందుకే" అని ఆయన అన్నప్పుడు నేను జవాబు చెప్పలేదు. ఇన్నేళ్లకు ఆ మాట వినిపించుకున్నాను.

మీరూ పిల్లలకు పగడపు దిబ్బల గురించి చెప్పడానికి వెళ్తుంటే, అసలు పగడం పట్టుకెళ్లకండి. మీకు తెలిసిన రైతు చేను గట్టు మీది పుట్టమన్ను, ఆ రైతును అడిగి, ఒక బకెట్ తీసుకెళ్లి, తడిపి, పిల్లల చేతే కొమ్మలు చేయించండి. నస్రీన్ మొన్న ఫొటో పంపింది. సారక్క చేసిన దానికి కొమ్మలు కాస్త లావుగా వచ్చాయి, కానీ చేపలు దూరడానికి సందులు మాత్రం సరిగ్గా పెట్టింది.