బేటరీ మోసిన ఏసుదానం

చోడవరం శివారు పేటలోని చెరకు రైతుల సంఘానికి పెద్ద ఆఫీసరు వచ్చిన రోజున, రేడియో మర తిప్పడానికని ఏసుదానం అటు తిరిగాడు. అతని పంచెకు వెనకవైపు పద్దెనిమిది చిల్లులున్నాయి. ఆఫీసరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముందు వరస ఆడవాళ్ళు గోడ మీది కేలండరు చూశారు. సంగతి గ్రహించిన ఏసుదానం చటుక్కున ఇటు తిరిగి, వెనక్కి వెనక్కి నడిచి, గోడకి ఆనుకుని, వార్తలయ్యేదాకా ఎంతో మర్యాదగా నిలబడ్డాడు.

తప్పు అతని భార్య జ్ఞానమ్మది. బేటరీ ఆసిడ్ పడిన బట్ట చూడ్డానికి బాగానే ఉంటుంది. ఉతికితేనే చిల్లులు బయటపడతాయి. ఆఫీసరొస్తాడని ఆవిడ దాన్ని రాయి అరిగేలా ఉతికిపెట్టింది.

అది ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండో ఏడు. పేటకి కరెంటు లేదు. రేడియో బేటరీ మీద పలికేది. పదిహేను రోజులకోసారి ఆ బేటరీని అనకాపల్లి తీసుకెళ్ళి చార్జీ ఎక్కించాలి. ఆసిడ్‌ని బస్సు ఎక్కనివ్వరు కాబట్టి పన్నెండు మైళ్ళూ ఏసుదానం కావిడే. ఒకవైపు బేటరీ. బరువు సరితూగడానికి రెండోవైపు సంఘం ప్రెసిడెంటు గణపతిరావుగారు తన వియ్యంకుడికి పంపే బెల్లం దిమ్మ. వియ్యంకుడు బదులేమీ పంపే రకం కాదు. అందుకని తిరుగు ప్రయాణంలో ఏసుదానం ఆ వైపు ఒక రాయి పెట్టుకొచ్చేవాడు. అనకాపల్లి నుంచి చోడవరానికి రాళ్ళు దిగుమతి చేసిన మనిషి ఇంకొకడు ఉండడు.

"కరెంటు రానీరా, నిన్ను రేడియోకి ఆపరేటర్ని చేసేస్తాను. కుర్చీ కూడా ఏయిస్తాను," అనేవారు గణపతిరావుగారు.

ఆ కుర్చీ మాట ఏసుదానం మనసులో నాటుకుపోయింది. ఆదివారం గుడిలో అందరూ వానలకీ జ్వరాలకీ ప్రార్థన చేస్తుంటే, ఇతను మోకాళ్ళ మీద కరెంటు కోసం అడిగేవాడు. నాలుగేళ్ళు అడిగాడు. స్తంభాలు దిగిన రోజున కూలి మాటెత్తకుండా వెళ్ళి భుజం పట్టాడు.

అనకాపల్లి నుంచి కరెంటు వచ్చింది. తీగతో పలికే కొత్త రేడియో వచ్చింది. కుర్చీ కూడా వేశారు. అందులో గణపతిరావుగారి బావమరిది పరదేశి కూర్చున్నాడు.

"బాబూ, కరెంటొస్తే ఆ పని నాకిస్తానన్నారు," అన్నాడు ఏసుదానం.

"అన్నాన్రా, కాదన్నానా? కానీ నువ్వు బేటరీ మనిషివి. బేటరీయే లేదాయె. లేని బేటరీకి మనిషెందుకని సంఘంలో అడిగితే ఏటి సెప్పమంటావు?"

"స్తంభాలు నేనూ మోసేను బాబూ."

"మోసేవు. బాగా మోసేవు. నలుగురికీ నేనే సెప్పేను కూడాను."

ఇంటికొస్తే జ్ఞానమ్మ చీపురు కింద పడేసింది. "మోకాళ్ళు కాయలు కాసేదాకా అడిగేవు. దేవుడు ఆలకించేడు. ఇంకేటి కావాలయ్యా నీకు?"

ఏసుదానం నవ్వబోయాడు. నోరు తెరుచుకుంది గానీ నవ్వు రాలేదు.

చెరకు నరకడానికి వెళ్ళాడు. నాలుగేళ్ళ కావిడికి కుడి భుజం రెండంగుళాలు దిగిపోయింది. మోపు ఎత్తితే జారిపోయేది. "ఏటోయ్, ఒళ్ళు ఒంకరా, పని ఒంకరా?" అని మేస్త్రి రెండో రోజే పంపించేశాడు. ఆ తర్వాత జ్ఞానమ్మ నాలుగిళ్ళలో వడ్లు దంచి తెచ్చిన నూకలే ఇద్దరికీ గంజి.

ఆ వేసవిలో ఒక సాయంత్రం, సరిగ్గా వార్తల వేళకి కరెంటు పోయింది. గది నిండా జనం. పరదేశి మర తిప్పాడు, పెట్టెని రెండు దెబ్బలు కొట్టాడు, ఆఖరికి కుర్చీ వదిలి దొడ్డిదారిన జారుకున్నాడు. గణపతిరావుగారే చెమటలు కక్కుకుంటూ ఏసుదానం గుమ్మంలోకి వచ్చారు.

"ఒరే ఏసుదానం! రేడియో నోరు పడిపోయిందిరా. జనం నన్ను తిడతన్నారు. గంటయింది, ఇంకా కరెంటు రాదేటిరా?"

ఏసుదానం గంజి ముంత దించకుండానే అన్నాడు: "అదీ నాలాగే అనకాపల్లి నించి నడిసొస్తన్నాది కాబోలు బాబూ."