కండక్టర్ బాబాయి అడిగిన చందా

మంగళవారం పొద్దున పప్పు కడుగుతుంటే ఫోనొచ్చింది. కండక్టర్ బాబాయి పోయాడన్నారు. విన్నాక కూడా ఆయనకీ కలిపే ఎసరు పెట్టాను. ఎందుకు పెట్టానో తెలీదు.

ఆయన నరసరావుపేటలో మా పక్కింటాయన. బస్సు కండక్టరుగా రిటైరయ్యాక తాగుడు మాన్పించే సెంటరు పెట్టాడు. అద్దె ఇల్లు, ఆరు మంచాలు, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరు. మందులైనా బియ్యమైనా చందాల మీదే. మా ఆయన అక్కడే రెండు నెలలుండి మానాడు. అప్పట్నుంచి నేనక్కడ వంట చేస్తున్నాను.

కొత్తగా వచ్చినవాణ్ణి ఎంత తాగుతావని బాబాయి అడిగేవాడు కాదు. ఏ ఊరని అడిగేవాడు. "శావల్యాపురమా? మీ ఊళ్లో ఒక ముసలమ్మ మేకపిల్లకి కూడా టికెట్ కొట్టమనేదిరా!" అనేవాడు. వణుకుతున్న మనిషి కూడా నవ్వేవాడు.

చందాకి ఒకసారి నేనూ వెంట వెళ్లాను. పత్తి వ్యాపారి ఒకాయన, "గుడికడుగు, ఇస్తా. తాగుబోతులకేంది ఇచ్చేది?" అన్నాడు. బయటికొచ్చాక బాబాయి, "గుడికిస్తే గోడ మీద పేరు చెక్కుతారమ్మా. మన గోడ మీద ఎవరు చెక్కించుకుంటారు?" అన్నాడు. పై నెల మళ్లీ అదే కొట్టుకెళ్లాడు.

పోయినేడు ఒక రోజు సెంటరు పెరటి వైపు బ్రాందీ షాపు ఓనరు బాబాయి చేతికి కవరివ్వడం చూశాను. మా ఆయన ఆటో, నా చెవుల కమ్మలు ఆ షాపులోనే కరిగిపోయాయి. నాకు ఒళ్లు మండింది.

"ఏంది బాబాయ్ ఇది? మమ్మల్ని ముంచినోడి డబ్బుతోనా మమ్మల్ని బాగుచేసింది?"

ఆయన కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ ఇంటద్దె ఆయనే ఇస్తన్నాడమ్మా. వద్దంటే ఇల్లు ఖాళీ చెయ్యాల. తీసుకుంటే నాకు ముద్ద దిగట్లా. ఏది ఒప్పో నువ్వు చెప్పు."

మూడు రోజులు వంటకి పోలేదు. నాలుగో రోజు వెళ్లాను. బాబాయి ఉల్లిపాయల బుట్ట నా ముందుకు జరిపాడు.

బాబాయి దినం అయిన మర్నాడు ఆ బ్రాందీ షాపు ఓనరు సెంటరుకొచ్చాడు. లోపలికి రాలేదు. "అమ్మా, ఇక నుంచి అద్దె ఎవరికియ్యాల?" అన్నాడు. పాపభయమో, వ్యాపారమో, బాబాయి మీద ప్రేమో ఆయన మొహం చూస్తే నాకు అంతుపట్టలేదు. పక్కనే ఉన్న మా ఆయన వైపు చూశాను. "నీ ఇష్టం" అని తల దించుకున్నాడు. ఒక్క మాటైనా బాబాయి చెప్పిపోయుంటే బాగుండేది. లోపల ఆరు మంచాలూ నిండి ఉన్నాయి. కవరు కోసం చెయ్యి చాపాను. తప్పు చేశానో ఏమో, మీరైనా చెప్పండి.

ఓనరు వెళ్లగానే మాచర్ల నుంచి వచ్చిన ఒక జంట ఆటో దిగారు. టీ ఇచ్చాను. అతని చేతిలో గ్లాసు నిలవలేదు. భార్య రెండు చేతులా పట్టుకుని అతని నోటికి అందించింది. సగం చొక్కా మీద ఒలికింది. కొంగుతో తుడిచి, మళ్లీ పట్టింది.