ఉప్పు లేని నలభై రోజులు

పోయిన మంగళవారం మా టీచరమ్మ మద్రాసు ఆస్పత్రిలో చనిపోయారు. దుత్తలూరులో సమాధి చేసి వచ్చి ఇంకా కాళ్ళు కడుక్కోలేదు, అప్పుడే ఒకాయన "పథ్యం తప్పుంటాది, అందుకే కామెర్లు తిరగబెట్టినాయి" అన్నాడు. పక్కవాళ్ళు తలలూపారు. అందులో సగం మంది ఆమె దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్ళే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళు మా ఊళ్ళో లెక్కలు చెప్పారు. లెక్క పూర్తిగా చూడకముందే జవాబు రాసేసేవాడి చెవి మెలిపెట్టి, "ముందు లెక్క చదవరా. చదవకుండా జవాబు రాయబాక" అనేవారు. చెవి వదిలాక గుప్పెడు బొరుగులు చేతిలో పోసేవారు. రెండూ నేను బాగానే తిన్నాను.

అలాంటి మనిషికి కడుపునొప్పి వస్తే, ఊరి డాక్టరు పొట్ట మీద చెయ్యయినా వెయ్యకుండా "గ్యాస్" అనేశాడు. ఏడాది పాటు గ్యాస్ బిళ్ళలే మింగారు. కళ్ళు పచ్చబడ్డాక ఊరంతా వైద్యులైపోయారు. కామెర్లంటే పసరే, ఇంకో మాట లేదు. మర్రిపాడు వైపు పసరు పోసే ఆయన దగ్గరికి ఆమెను స్కూటరు మీద తీసుకుపోయింది ఎవరనుకున్నారు? నేనే.

"నొప్పి ఎందుకొస్తుండాదో ఎవురూ అడగలేదేందిరా?" అన్నారు దారిలో.

"గట్టిగా పట్టుకోండి టీచర్, గుంతలు" అన్నాను.

నలభై రోజులు పథ్యం. ఉప్పు లేదు, నూనె లేదు, చప్పటి మజ్జిగన్నం. ఒక్క పూటా తప్పలేదు, నేను సాక్షి. పసుపు తగ్గకపోగా చలిజ్వరం పట్టుకుంది. అప్పుడు మద్రాసు పరుగెత్తాం.

అక్కడ పెద్ద గొట్టంలాంటి మిషన్‌లో పడుకోబెట్టి, కత్తి పెట్టకుండానే, లోపలి పైత్యనాళానికీ క్లోమానికీ ఎమ్మారై బొమ్మలు తీశారు. డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించాడు. పైత్యం పారే దారి తెల్లగా ఉబ్బి ఉంది. అది క్లోమాన్ని దాటే చోట కందిగింజంత నల్ల చుక్క.

"రాయి. నోట్లోంచి గొట్టం పంపి తీసేస్తాం. కానీ చీము రక్తంలోకి పోయింది. రెండు నెలల ముందు ఎందుకు తీసుకురాలేదు?" అన్నాడు.

రాయి తీశారు. ఆమె దక్కలేదు.

ఆ స్కాన్ రోజు పొద్దున ఏమీ తినకూడదన్నారు. "ఒరే, ఇంత ఉప్పేసి గంజి తెచ్చీరా. నోరు చచ్చిపోయినాది" అన్నారు టీచరమ్మ. "స్కాన్ కాగానే తాగుదురు" అని చెప్పి, ఆమె లోపలికి పోగానే గ్లాసుతో తెచ్చి పెట్టాను. ఆ తర్వాత డాక్టర్లు ఆమె నోటికి ఏదీ ఇవ్వనివ్వలేదు. మంచం పక్క కిటికీలో ఆ గ్లాసు అట్లాగే ఉంది, గంజి పైన తరక కట్టి.