కుర్చీ మేడం

నంద్యాల మైదానం, జిల్లా ఖోఖో ఫైనల్, ఆళ్లగడ్డ నుంచి వెళ్లిన మా ఆడపిల్లలు, పక్కన నేను. ఆ సాయంత్రం గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. "పక్కన నేను" అని రాయగలగడానికి నేను పడిన పాట్లు మాత్రం చెప్పుకోవాల్సినవే.

ఆళ్లగడ్డలో ఒక బడిలో పనిచేస్తాను. కాగితాల మీద వ్యాయామ ఉపాధ్యాయురాలిని గానీ, పిల్లలకు డ్రిల్లు మేడాన్ని. కొన్నేళ్ల కిందట వేరే దేనికో రక్తపరీక్ష చేయించుకుంటే హెపటైటిస్-బి బయటపడింది. లివర్‌లో కాపురం పెట్టిన వైరస్ అది, ఖాళీ చేసి పోదు. రోజూ మాత్ర వేసుకుంటాను కాబట్టి అదుపులో ఉంది. నా అదుపులో లేనిది అలుపు ఒక్కటే. జ్వరముండదు, నొప్పి ఉండదు, మొహం చూస్తే నాకే సెలవు అడగబుద్ధి కాదు. కానీ మధ్యాహ్నం దాటేసరికి కాళ్లకు ఇసుక బస్తాలు కట్టినట్టుంటుంది. "బాగనే ఉండావు కదా, ఏందీ నీకు రోగం?" అని అడిగేవాళ్లకు చెప్పీ చెప్పీ వచ్చే అలుపు ఇంకొకటి. పసరు పోయిస్తాం రమ్మని చెయ్యి పట్టుకుని లాగినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నేనిచ్చిన జవాబులు అచ్చులో వేసేవి కావు.

నన్ను చూసే డాక్టరమ్మ నంద్యాలలో ఉంటుంది. ఒకసారి నా గోడంతా విని, "అలిసిపోయినాక కూచుంటే లాభంల్యామ్మా. అలిసిపోకముందే కూచోవాల" అంది. నాకు ఒళ్లు మండింది. డ్రిల్లు టీచరు కూర్చోవడమేమిటి? చర్చిలో ప్రార్థన ఎంతసేపు సాగినా, అందరూ ఒక్కొక్కరే చాప మీదికి జారిపోయినా, నిలబడే ఉండే మనిషిని నేను. ఆళ్లగడ్డ చేరేదాకా బస్సులో ఆమెను తిట్టుకుంటూనే వచ్చాను.

ఆ సాయంత్రం ఖోఖో ప్రాక్టీసు. ఆట తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెప్తాను. తరిమే జట్టులో ఎనిమిది మంది వరసగా గొంతుక్కూర్చుంటారు, ఒక్కరే ఉరుకుతారు. ఆ ఉరికే మనిషి కూర్చున్న ఒకరి వీపు తట్టి "ఖో" అనాలి. వెంటనే ఆమె లేచి ఉరుకుతుంది, తట్టిన మనిషి ఆ చోట కూర్చుంటుంది. మా కెప్టెన్‌కు, తొమ్మిదో తరగతి పొట్టి పిల్లకు, ఖో ఇవ్వడమంటే పరువు తక్కువ. ఊపిరాడకుండా అయ్యేదాకా తనే ఉరుకుతుంది. ఆ రోజూ అదే పని చేసింది.

"దమ్ము అయిపోయినాక ఖో ఇస్తే ఏం లాభమే! దమ్ము ఉండంగానే ఇయ్యాల!" అని గట్టిగా అరిచాను. అరిచి, నోరు తెరుచుకుని అట్లాగే నిలబడిపోయాను. ఇన్నేళ్లుగా నేను గొంతు చించుకుంటున్న మాటే కదా డాక్టరమ్మ నాకు చెప్పింది! నవ్వు ఆగలేదు. గ్రౌండు మధ్యలో ఒక్కదాన్నే నవ్వుతుంటే, "మేడంకు ఏమైందే?" అని పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మరుసటి రోజు స్టాఫ్ రూము నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గీత పక్కన వేసుకున్నాను. బరువు పనులన్నీ పొద్దుటికి మార్చాను. మధ్యాహ్నం అన్నాల వేళ ఆటసామాన్ల గదిలో చాప పరుచుకుని నడుం వాల్చడం మొదలుపెట్టాను. రాత్రి రొట్టెలు కాల్చే పని మా ఆయన తీసుకున్నాడు. అవి గుండ్రంగా రావడానికి చాలా రోజులు పట్టింది, తినడానికి మాత్రం మొదటి రోజు నుంచీ బాగానే ఉన్నాయి.

పిల్లలు నాకు "కుర్చీ మేడం" అని పేరు పెట్టారు. పెట్టుకోనీ! ఆ కుర్చీలోంచి చూస్తే ఆటే వేరుగా కనిపించింది. వరసలో కూర్చున్న పిల్లల కళ్ల ఎత్తుకు దిగాను కదా, ఎవరి మడమ ఖో వినకముందే లేస్తోందో, ఎవరి భుజం ఏ వైపుకు లాగుతోందో, ఇన్నేళ్లు నిలబడి చూడలేనివన్నీ కళ్లముందుకొచ్చాయి. ఆ ఏడు మా జట్టు అందరినీ ఓడించుకుంటూ జిల్లా పోటీల దాకా వచ్చింది. నాకు రాత్రి నిద్రలో కూడా ఖో అని వినపడేది.

సరిగ్గా పోటీలకు ముందు నాకొక మంచి రోజు వచ్చింది. మంచి రోజంటే మాలాంటి వాళ్లకు పోయిన కరెంటు వచ్చినట్టు. మోటరు, మిక్సీ, ఇస్త్రీపెట్టె అన్నీ ఒక్కసారే వేసేస్తాం. నేను కుర్చీ వదిలేసి పిల్లలతో ఆటలోకి దిగాను. ఒక్కరికీ అందలేదు! ఎంత సంతోషమో! మరుసటి రోజు దువ్వెన పైకెత్తడానికి చెయ్యి రాలేదు. ఆ అలుపు తీరేదాకా మంచంలోనే ఉన్నాను.

తిరిగి బడికి పోగానే హెడ్మాస్టరు పిలిచాడు. నా జబ్బు సంగతి తెలిసిన మంచి మనిషి, తండ్రి వయసు. "అమ్మా, నంద్యాలకు లెక్కల సారును పంపిద్దాంలే. నువ్వు ఇంట్లో ఉండు" అన్నాడు.

ఖోఖోలో బంతి ఎక్కడుంటుందని నన్నే అడిగిన మనిషి ఆ లెక్కల సారు. కోపం వచ్చింది గానీ, దానికంటే ముందు భయం వేసింది. ఈసారి నా బదులు ఇంకొకరు పోతే, వచ్చే ఏడు నన్ను అడిగేవాళ్లే ఉండరు. పాపం ఆమెకు బాగలేదు అనే మాట ఒక్కసారి నా మీద పడిందంటే మళ్లీ దిగదు. "నేనే పోతా సార్" అన్నాను.

ఆయన ఒక షరతు పెట్టాడు. "కుర్చీలో కూచుంటానని మాట ఇయ్యి. నిలబడినావని తెలిస్తే ఇంగ ఎప్పుడూ పంపను."

మాట ఇచ్చాను. విజిల్ అడగడానికొచ్చిన కెప్టెన్ పిల్ల గుమ్మం దగ్గర అంతా వింది.

నంద్యాల బస్సు ఆగీ ఆగకముందే పిల్లలు కిటికీల్లోంచి కర్చీఫులు విసిరి నాకు సీటు పట్టారు. పొద్దున ఆటలన్నీ, అక్కడి షామియానా కింద నుంచి తెచ్చుకున్న కుర్చీలోంచే బుద్ధిగా చూశాను. ఫైనల్‌కు మాత్రం బుద్ధి గడ్డి తింది. మిగతా బడుల డ్రిల్లు మాస్టర్లందరూ టోపీలు పెట్టుకుని, విజిళ్లు వేలాడేసుకుని గీత పక్కన నిలబడి ఉన్నారు. అందులో ఒకాయన, "ఏం మేడం, పెండ్లికొచ్చినట్ల కూచుండారే?" అని నవ్వాడు. కుర్చీని షామియానా వెనక్కి నెట్టి నేనూ నిలబడ్డాను.

ఆట సమానంగా నడుస్తోంది. నా కాళ్లకు మళ్లీ ఇసుక బస్తాలు పడ్డాయి. గీసిన సున్నం గీత రెండుగా కనపడుతోంది. మాకు ఆఖరి తరుముడు ఒక్కటే మిగిలింది. దానికి ముందు కొంచెం విరామం. కెప్టెన్ పిల్ల నీళ్లు తాగుతూ నన్ను చూసింది. సీసా పక్కన పడేసి షామియానా వెనక్కి పరుగెత్తి, ఆ కుర్చీ తెచ్చి నా ముందు వేసి, నాకు వీపు పెట్టి తనే కూర్చుంది.

"ఏమే, ఆట పెట్టుకోని కుర్చీలో కూచుంటావా? లెయ్!"

ఆ పిల్ల తల తిప్పలేదు. "ఖో ఇయ్యండి మేడం, లేస్తా."

కుర్చీని వెనక నుంచి పట్టి ఊపాను.

"దమ్ము ఉండంగానే ఇయ్యాల అంటిరి కదా" అంది మళ్లీ.

పిల్లలందరూ మమ్మల్నే చూస్తున్నారు. టోపీల మాస్టర్లూ చూస్తున్నారు. ఆ పిల్ల వీపు తట్టాను, నోట్లోనే గొణిగాను. "వినపడల్యా. ఫౌల్" అంది. అప్పుడు మైదానమంతా తిరిగి చూసేలా అరిచాను, "ఖో!"

ఒక్క ఉదుటున లేచి గ్రౌండులోకి ఉరికింది. నేను ఆ చోట కూర్చున్నాను.

ఆఖరి తరుముడు మొదలైంది. ఇద్దరిని ఔట్ చేసేసరికి పాయింట్లు సమమయ్యాయి. ఇంకొక్కరు దొరకాలి, టైము అయిపోతోంది. కెప్టెన్ పిల్ల ఉరుకుతోంది, అవతలి పిల్ల అందడంలేదు. ఇస్తుందా, ఇవ్వదా? ఊపిరి ఇంకా ఉండగానే ఉయ్యాలవాడ నుంచి వచ్చే బక్కపిల్ల వీపు తట్టి, "ఖో!" అంది. బక్కపిల్ల లేచిన ఊపులోనే నేల మీదికి దూకి అవతలి పిల్ల మడమ తాకింది. విజిల్! కుర్చీ చేతులు విరిగిపోతాయేమో అన్నంత గట్టిగా పట్టుకుని, కూర్చునే అరిచాను. లేవలేదు. మాట నిలబెట్టుకున్నాను, సగం ఆటకైనా.

మరుసటి రోజు మంచం దిగలేదు. దిగలేనని తెలిసి ముందే సెలవు పెట్టుకున్నాను.

గెలిచిన రోజు ఫొటోకు పిల్లలు నన్ను కుర్చీతో సహా మధ్యలోకి లాగి, నా చుట్టూ నిలబడ్డారు. అది ఇప్పుడు హెడ్మాస్టరు గదిలో వేలాడుతోంది. మొన్న ఎవరో పెద్దమనిషి వచ్చి దాన్ని చూసి, "ఎవరప్పా ఈ పిల్లోళ్లను ఆడించింది?" అని అడిగాడు.

"ఆ కుర్చీలో కూచుండే మేడమే" అన్నాడు హెడ్మాస్టరు.