తలపాగా చుట్టిన తాబేలు ఎవరి కలలోది

ఇన్నేళ్లుగా ఒక తాబేలు నా గుండె మీద కూర్చుంది. నవ్వుకోండి, పరవాలేదు. నాకూ నవ్వొస్తుంది, అదే చిక్కు. తప్పు చేసినదాన్ని ఏడుస్తూ చెప్పాలి కదా? కానీ ఆ రోజు తలుచుకుంటే ముందు డప్పులే వినబడతాయి. నా పేరు మాత్రం అడక్కండి. మీతో చెప్పి దింపుకుందామని కూర్చున్నాను, అంతే.

మొదటి పెద్ద యుద్ధం ముగిసి కొన్నేళ్లయింది అప్పటికి. రంగూన్‌ని మేం రంగం అనేవాళ్లం. మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని కూలీ లైన్లలో, వరసగా కట్టిన గదుల్లో, మా కాపరం. మగాళ్లు రేవులో బస్తాలు మోసేవారు. ఆడాళ్లం ముప్పై ఆరు జంతువుల లాటరీ ఆడేవాళ్లం. పొద్దున్నే చీనా దుకాణంవాడు ఆ జంతువుల్లో ఒకదాని బొమ్మ పెట్టెలో పెట్టి, తాళం వేసి, దూలానికి వేలాడదీసేవాడు. ఏ జంతువో వాడికొక్కడికే తెలుసు. మా సేన్ అనే బర్మా ఆవిడ (వాళ్ల భాషలో ‘మా’ అంటే అక్క) తమలపాకులు అమ్మే వంకతో లైనంతా తిరిగి పందేలు పట్టుకెళ్లేది. సాయంత్రం పెట్టె తెరిచేవారు. దొరల గుర్రప్పందేలకి సర్కారు అనుమతి, మా జంతువులకి మాత్రం పోలీసు లాఠీ. ఏం న్యాయమో అది!

ఏ జంతువు మీద కాయాలి? కలలో ఏది కనబడితే దాని మీద. అందులోనూ కడుపుతో ఉన్నదాని కలకి తిరుగులేదని మావాళ్ల నమ్మకం. నాకప్పుడు ఏడో నెల. తెల్లారగానే మా అత్తా, లైనులో ఆడాళ్లూ నా చుట్టూ మూగేవారు. "ఏటే, కల్లో ఏటొచ్చింది?" నాకా, మొద్దునిద్ర. ఒక్క ఎలకైనా రాలేదు. తిండి దండగ అని అత్త మూతి తిప్పేది.

ఆ రోజు కొళాయి దగ్గర పైడమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. మా పక్కగది మనిషి. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. అందుకని సీమంతాలకి ఆమెని ఎవరూ పిలిచేవారు కాదు. ఆ పూట ముఖం వెలిగిపోతోంది.

"నాకు కలొచ్చిందే! తాబేలు తలపాగా సుట్టుకొని పెళ్లికొడుకునాగ మన లైనుకి ఒచ్చింది!"

"తలపాగానా!" పొట్ట పట్టుకుని నవ్వాను.

"నవ్వకే. నానొక్కర్తినీ సెప్తే ఎవులూ ఇనరు. నువ్వు నా పక్కన నిలబడు. నా కల గెలిస్తే రేపు నీ సీమంతంలో గాజులు తొడగడానికి నన్నూ పిలుస్తారు, కాదేటి?"

"పిలవక ఏటి సేస్తారు? నాను సెప్తానుగా."

నేను ముందు ఇంటికొచ్చాను. బిందె నింపుకుని పైడమ్మ వెనక వస్తోంది. గుమ్మంలో అత్త, ఆడాళ్లు, ఆకుల తట్టతో మా సేన్. "ఇయ్యాలైనా ఒచ్చిందా?" అంది అత్త. అందరి కళ్లూ నా మీదే. "తాబేలు. తలపాగాతో," అన్నాను. ఎవరికొచ్చిందో చెప్పలేదు. చెప్పేలోపే అత్త నన్ను కావలించుకుందని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. "నా కోడలికి కలొచ్చీసిందర్రా!" అని ఆమె గంతులేస్తున్నంతసేపూ నాకు బోలెడంత వ్యవధి ఉంది. ఆ కౌగిలి బాగుంది, అందుకే నోరు మూసుకున్నాను. అంతలో పైడమ్మ వచ్చింది. వింది. నా వైపు చూసింది. నేను కొంగు సర్దుకున్నాను.

లైనంతా తాబేలు మీదే కాసింది. సాయంత్రం పెట్టెలో తాబేలే! అబ్బ, ఆ సంబరం ఏమని చెప్పను! లైనంతా ఒకటే కేకలు. మగాళ్లు డప్పులు తెచ్చారు. మా సేన్ చెప్పులు విడిచేసి ఆడింది. మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే మా అత్త గిర్రున తిరిగింది. నన్ను పీట మీద కూర్చోబెట్టి దిష్టి తీశారు. అందరికంటే ఎక్కువ ఆడిందెవరో తెలుసా? పైడమ్మ. మొగుడి తువ్వాలు తలకి చుట్టుకుని తాబేలులా నడిచి చూపించింది. కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. నేనూ నవ్వాను, ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి. తన కలని నా పేరు మీద తనే ఆడుతుంటే చప్పట్లు కొట్టాను. ఆమెకి కోపం రాలేదా? లేక ఆ ఆటే కోపమా? ఇప్పటికీ తెలీదు.

మర్నాడు నా సీమంతం. ఆ ఉత్సాహంలో నా మాటకి ఎదురేముంది? అరటిపండు అడిగితే గెలలే తెచ్చేవారు. మోచేతుల దాకా గాజులు తొడుగుతున్నారు. గుమ్మం అవతల పైడమ్మ నిలబడి ఉంది. తలంటుకుంది, పూలు పెట్టుకుంది, ఉతికిన చీర కట్టింది. నేను మాటిచ్చాను కదా, అందుకు. "రా" అంటే చాలు. కానీ ఎందుకు పిలిచావంటారు, అప్పుడు కల సంగతి బయటపడుతుంది. తల దించుకుని గాజులు చూసుకున్నాను. మళ్లీ తలెత్తేసరికి ఆమె లేదు.

ఆ ఏడే పైడమ్మ మొగుడికి రైలు కార్ఖానాలో పని దొరికి ఇన్సేన్ ఊరు వెళ్లిపోయారు. వెళ్లేముందు నా బిడ్డని ఎత్తుకుని ముద్దాడింది. అప్పుడైనా చెప్పానా? లేదు. ఆ తర్వాత ఆమె కబురే తెలియలేదు.

ఆ కథ మావాళ్లు ఇంకా చెప్పుకుంటారు, నా పేరుతోనే. చెప్పిన ప్రతిసారీ నవ్వుతారు, నన్ను మెచ్చుకుంటారు. ఇక చాలు. ఆ కల నాది కాదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి మీరు కాదు. మీరు వింటే చాలు. కల పైడమ్మది. ఇంకోసారి అననివ్వండి, అంటుంటే బాగుంది. పైడమ్మ కల. పైడమ్మ గెలిచింది. హమ్మయ్య!