ఏటి నడిమధ్య ఎర్రచుక్క

తీసుకున్నారు! మా గుడ్డ తీసుకున్నారు! తిరుపతిలో జరగబోయే చేనేత, కలంకారీ పండగలో, లోపలికొచ్చే ప్రతి మనిషికీ ఎదురుగా, వాకిట గోడకే తగిలిస్తారంట! ఇప్పుడే ఫోన్ చేసి చెప్పినారు. ఇక్కడే పైచదువుకి నేనుండే హాస్టల్ మెట్ల మీద ఎగిరి గంతేసినా. ఫోన్ పట్టుకున్న చేతికి ఇంకా కరక్కాయ, బర్రెపాల వాసన వస్తా ఉండాది. ఆదివారం కాళహస్తికి పోయి గుడ్డలు నానబెట్టి వచ్చినా గదా, ఏ సబ్బుకీ వదల్లే. ఆ వాసనతోనే ముందు రత్నత్తకి ఫోన్ చేసినా. రింగవతా ఉండాది, ఎత్తదు. పొయ్యి మీద ఎర్రరంగు గంగాళం ఉంటే ఆయమ్మ ఎవరి ఫోనూ ఎత్తదు. ఆమె ఎత్తేదాకా నేను ఊరికే ఉండలేను. అందుకే, ఆమెను ఎప్పుడూ చూడని మీకు చెప్తా ఉండా.

రత్నత్త మాకు చుట్టం కాదు. కాళహస్తిలో మా ఎదురింటామె. ఆమె ఇంటి ముందర పంచలో మా వీధి ఆడోళ్ళు కూర్చొని కలంకారీ వేస్తారు. ఇంటర్ సెలవుల్లో నేను ఇంట్లో దొర్లతా ఉంటే మాయమ్మ నన్ను ఆ పంచలోకి తరిమింది. పోతానే రంగులిస్తాదని ఆశపడినా. ఆయమ్మ వెదురు కలం చేతికిచ్చి, ముందర గిన్నెడు నీళ్ళు పెట్టింది.

"నీళ్ళతో ఏం బొమ్మేసేదత్తా?"

"నీళ్ళు కాదే, పటిక. ఎరుపు కావాల్సిన చోటల్లా పూయి. ఇప్పుడేం కనపడదు."

"కనపడకుంటే సరిగ్గా పూసినానో లేదో ఎట్ల తెలుస్తాది?"

"ఉడకనీ. తెలుస్తాది."

తెలిసింది. ఎర్రరంగులో ఉడికితే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటాది. నేను చిలక ముక్కుకి పూసిన పటిక ఒళ్ళంతా చిందిండాది. రత్నత్త గుడ్డను పైకెత్తి పంచలో అందరికీ చూపించింది. "సూడండే, దీని చిలక్కి దద్దుర్లు లేచినాయి!" అందరూ విరగబడి నవ్వినారు. నాకు ఏడుపొచ్చింది గానీ మర్నాడు మళ్ళీ పోయినా.

మా నాయన రైల్వేస్టేషన్ కాడ ఆటో తోలతాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. డిగ్రీలో చేరిన రోజు నాయన వీధంతా లడ్లు పంచినాడు. రత్నత్త లడ్డు తింటానే, "ఇప్పుడే గదప్పా పటిక పూసినావు, ఉడకనీ," అనింది. నాయన మొహం చిన్నబోయింది. పాసైన రోజు నేనే ఉరికిపోయి ఆమె ముందర నిలబడినా. ఆయమ్మ చేతులు కొంగుకి తుడుచుకొని, నా గడ్డం పట్టుకొని ఇటూ అటూ తిప్పి చూసింది. "రంగు పట్టిండాదే," అనింది. అంతకు మించి ఆమె ఎవరినీ మెచ్చుకోంగా నేను వినలే.

మా పంచలో వేసిన గుడ్డలు ఎప్పుడూ ఎవరో ఒకరి అంగట్లో మడతపెట్టి ఉండేవే. ఒక్కటన్నా గోడకెక్కాలని రత్నత్త ఆశ. పోయినసారి ఈ పండగకే పంపిస్తే తిప్పి పంపినారు. అందుకే ఈసారి దేవుళ్ళు, నెమళ్ళు కాకుండా మమ్మల్నే వేసుకున్నాము. స్వర్ణముఖి ఏట్లో గుడ్డలు జాడించే ఆడోళ్ళు, ఇసకలో ఆరేసే ఆడోళ్ళు. పెద్ద గుడ్డ. ఉడికించి తీసి చూస్తే, ఏటి నడిమధ్య ఎర్రచుక్క! ఆ పక్క పటిక పూసింది రత్నత్తే.

పక్కింటి కాంతక్క మెల్లగా, "ఎర్రచేప అని చెప్దాంలే అత్తా," అనింది.

"స్వర్ణముఖిలో నీళ్ళకే దిక్కులేదు, ఎర్రచేప యాడనుంచి వస్తాదే?"

"పోనీ నల్లరంగు పూసి రాయిని చేసేద్దాం."

"మీ చుక్కలన్నీ ఎత్తి ఊరికి చూపిస్తి. నాది దాచుకుంటే రేపు మీరు నా మాట ఎందుకు వింటారు? ఉండనీ."

ఆ గుడ్డ ఎత్తుకొని బస్సులో తిరుపతికి వచ్చింది నేనే. ఎంపిక చేసే పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకొని వంగి చూసినాడు. "ఏమ్మా, ఇది నీళ్ళలో పడిన సూర్యుడా? బాగుండాదే!" అన్నాడు. తల ఊపితే చాలు. ఆయప్పే సాకు చేతికందించినాడు. పంచలో అందరి ఆశా నా తలకాయ మీదుండాది. అది ఊగలే.

"కాదు సార్. పటిక చుక్క. మా అత్త చేతిలోనించి జారింది. ఉడికితే గానీ కనపడలే."

ఆయన కాయితం మీద ఏదో రాసుకొని పక్కగుడ్డ కాడికి పోయినాడు. చెడగొట్టేసినా అనుకుంటా కాళహస్తికి పోయి, జరిగింది జరిగినట్టు చెప్పినా. రత్నత్త కడుపు పట్టుకొని నవ్వింది. "సూర్యుడని చెప్పింటే నిన్నే గంగాళంలో ఏసి ఉడకేసిందును!"

"అయితే తీసుకుంటారంటావా అత్తా?"

"ఉడకనీ."

ఈపొద్దు ఫోన్లో ఆ పెద్దాయన మొదట అడిగిన మాటేందో తెలుసునా? "ఆ ఎర్రచుక్క గుడ్డ మీదే గదమ్మా?" మాదే సార్, మాదే అని అరిచినా. రేపు ఎవురేమడిగినా, నాకు తెలిసిందాన్ని తెలిసినట్టు చెప్పే ఈ నోరు ఆయమ్మ ఇచ్చిందే.

ఇంగ ఫోన్ చేయాల్సినోళ్ళు శానామంది ఉండారు. నాయన, ఆటోలో సవారీ ఉన్నా సరే. మాయమ్మ. కాంతక్క, ఎర్రచేప సంగతి ఎత్తి ఏడిపించాల. సత్యవేడులో చిన్నమ్మ. చిత్తూరులో మామ, "గుడ్డల మీద గీతలు గీస్తే ఏమొస్తాదే" అన్నాడు గదా, ఆయనకి తీరిగ్గా. అందరికంటే ముందు మళ్ళీ రత్నత్తకి. ఎత్తేదాకా చేస్తానే ఉంటా. ఎత్తినాక ఆయమ్మ నోరు తెరవక ముందే చెప్పేయాల: ఉడికిందత్తా!